ధర్మసొమ్ము, సంఘసొమ్ము

 

ఈ మధ్య ఒక మాట తరచు వినపడుతున్నది. వ్యాపారం చెయ్యవలసిందే గాని, అది పదిమందికీ మేలు చేసే వ్యాపారం కావాలి అంటున్నారు. పట్నాలలో దీనికి సామాజిక వ్యాపారం అని పేరు పెట్టారు. పేరు కొత్తది, సంగతి మాత్రం పాతది. బీదవాడికి మేలు చెయ్యడానికి ధర్మం ఒక దారి, వ్యాపారం ఒక దారి. ఈ రెంటిలో ఏది నిలుస్తుంది? ధర్మం చేతులు మారకుండా వ్యాపారంగా ఎట్లా మారుతుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఒక మనిషి దాదాపు ఇరవై ఏళ్ళు గడిపాడు. మూడుసార్లు ఒక రకంగా కట్టి చూశాడు, నాలుగోసారి ఆ కట్టడాన్ని మార్చుకున్నాడు. ఆయన కట్టిన దాని మనుమరాలే మన ఊళ్ళో ఉన్న సహకార పరపతి సంఘం. ఆ కథ ఈ వేళ మనవి చేస్తాను.

ఆయన పేరు ఫ్రెడరిక్ విల్హెల్మ్ రైఫైజన్. జర్మనీ దేశంలో రైన్ నదికి తూర్పున వెస్టర్‌వాల్డ్ అనే కొండసీమ ఉన్నది. అక్కడ హామ్ అనే ఊళ్ళో 1818 మార్చి 30న పుట్టాడు. తొమ్మిదిమంది సంతానంలో ఏడోవాడు. ఇంట్లో డబ్బు లేదు గనుక పెద్ద చదువులకు పోలేదు. ఊరి మతగురువే చదువు చెప్పాడు. పదిహేడో ఏట సైన్యంలో ఫిరంగి దళంలో చేరాడు. ఉద్యోగం బాగానే సాగుతున్న రోజుల్లో కంటిజబ్బు పట్టుకున్నది. 1843లో సైన్యం వదిలిపెట్టి సర్కారు కచేరీ ఉద్యోగంలోకి వచ్చాడు. 1845లో వేయర్‌బుష్ అనే ఊరు కేంద్రంగా కొన్ని పల్లెలకు కలిపి మేయరుగా వేశారు. మన పాత లెక్కలో ఒక ఫిర్కా మీద అధికారి అనుకోండి. అప్పటికి ఆయన ఇంకా యువకుడే.

ఆ సీమ ఎటువంటిదో చెప్పకపోతే మిగతా కథ బోధపడదు. కొండనేల, చలి ఎక్కువ, కమతాలు చిన్నవి. పండేది రై ధాన్యం, ఓట్లు, బంగాళాదుంప. సరైన రోడ్డు లేదు గనుక పండినది అంగడికి చేరే దారి లేదు. అప్పటికి కొంతకాలం క్రిందటే పాత జమీందారీ బంధాలు తెగి రైతు స్వతంత్రుడయ్యాడు. కాని స్వతంత్రుడైన రైతు చేతిలో రొక్కం లేదు. విత్తనానికి అప్పు, పశువుకు అప్పు, పన్నుకు అప్పు. బ్యాంకులు పట్నంలో ఉన్నాయి, అవి చిన్న రైతు మొహం చూడవు. ఇక మిగిలింది వడ్డీ వ్యాపారి ఒక్కడే.

పశువు సంగతి వినండి. రైతుకు ఆవు లేదు. పశువుల బేరగాడు తన ఆవును తెచ్చి రైతు కొట్టంలో కట్టేవాడు. మేత రైతుది, చాకిరీ రైతుది. దూడ పుడితే అందులో బేరగాడికి పాలు. ఆవు బాగా ఒళ్ళు చేసిన తరవాత బేరగాడు దాన్ని తోలుకుపోయి, బక్కదాన్ని మరోదాన్ని తెచ్చి కట్టేవాడు. కొట్టం ఎప్పుడూ నిండుగానే కనపడేది, ఆ కొట్టంలో రైతుది అని చెప్పదగిన పశువు మాత్రం ఏ ఏటికీ ఏర్పడేది కాదు. మన దేశంలో పశువును పాలుకివ్వడమూ, గింజలు నాగుకు తేవడమూ ఎరిగిన పెద్దలకు ఇందులో కొత్త ఏమీ కనపడదు. దేశం వేరైనా చిక్కు ఒక్కటే.

ఈ మనిషి మేయరుగా వచ్చిన మరుసటి ఏడే పంట పోయింది. 1846లో బంగాళాదుంప కుళ్ళిపోయింది, ధాన్యమూ పండలేదు. 1846–47 చలికాలంలో ఇంటింటా ఆకలి. ప్రష్యా ప్రభుత్వం తన గిడ్డంగి నుంచి పిండి పంపింది. అయితే దానితోపాటు ఒక హుకుం కూడా వచ్చింది. రొక్కం ఇచ్చినవాడికే పిండి అమ్మాలట. రొక్కం ఉన్నవాడు ఆకలితో ఎందుకు ఉంటాడు? రైఫైజన్ ఆ హుకుం పక్కన పెట్టాడు. పిండిని అప్పు మీద బీదలకు పంచిపెట్టాడు. ఉద్యోగి అయి ఉండి ఇట్లా చెయ్యడం చిన్న సాహసం కాదు.

పంచిపెట్టి ఊరుకోలేదు. ఊళ్ళలో కలిగినవారిని కూడగట్టి చందా వసూలు చేసి రొట్టె సంఘం పెట్టాడు. ఆ డబ్బుతో ధాన్యం కొన్నారు, ఉమ్మడిగా ఒక రొట్టెల పొయ్యిల్లు కట్టారు. అందులో కాల్చిన రొట్టెను బజారు ధర కంటె బాగా తక్కువకు, డబ్బు లేనివారికి అప్పు మీద అమ్మారు. పంటలు వచ్చాక బాకీ తీర్చాలి. వసంతంలో విత్తనపు దుంపలు కూడా ఇచ్చారు. ఆ చలికాలం గడిచింది. ధర్మం చేతగా పని జరిగిందని అందరూ సంతోషించారు. ఇది మొదటి కట్టడం.

1848లో ఆయనను ఫ్లామర్స్‌ఫెల్డ్ అనే చోటికి మార్చారు. ఇక్కడ పశువుల బేరగాళ్ళ పీడ మరీ ఎక్కువ. కరువుకు రొట్టె చాలు, అప్పుకు రొట్టె చాలదు. కాబట్టి 1849 డిసెంబరులో రెండో సంఘం పెట్టాడు. దాని పేరే చెపుతుంది: స్తోమతు లేని రైతులకు తోడ్పడే సహాయ సంఘం. కలిగినవారు అరవై మంది ముందుకు వచ్చి, ఉమ్మడిగా పూచీ పడ్డారు. ఆ పూచీ మీద బయట డబ్బు తెచ్చి, పశువులను కొని రైతుల కొట్టాలలో కట్టారు. రైతు అయిదేళ్ళలో వాయిదాల మీద తీర్చాలి. తీరిన నాడు ఆవు రైతుదే. తరవాత రొక్కం కూడా అప్పుగా ఇచ్చారు.

ఇది మొదటి దానికంటె మెరుగు. ఊరికే పెట్టడం కాదు, కొనుక్కునే శక్తి కలిగించడం. పైగా ఒక పెద్ద సంగతి రుజువయింది. బీదరైతుకు సరైన గడువు ఇస్తే, న్యాయమైన వడ్డీ అడిగితే, బాకీ తీరుస్తాడు. కాని ఒక లోపం మిగిలింది. పూచీ పడింది కలిగిన అరవై మంది, అప్పు తీసుకున్నది లేనివారు. తీసుకున్నవారికి సంఘంలో చోటు లేదు. సంఘం వారిది కాదు. వారి దృష్టిలో అది పెద్దల దయ. దయకు ఉండే చిక్కేమంటే, అది ఇచ్చేవాడి మనసును బట్టి ఉంటుంది.

1852లో రైన్ నది ఒడ్డున నాయ్‌వీడ్ పట్నం పక్కన ఉన్న హెడ్డెస్‌డార్ఫ్‌కు బదిలీ అయింది. 1854లో అక్కడ మూడో సంఘం, ధర్మసంఘం, పెట్టాడు. ఈసారి ఆయన ఆశ మరీ పెద్దది. దిక్కులేని పిల్లల పెంపకం, పనిలేనివారికి పని, జైలు నుంచి వచ్చినవారికి ఆదరువు, ఒక గ్రంథాలయం, దానితోపాటు రైతులకు అప్పులు. ఇన్ని పనులు ఒక సంఘం నెత్తిన పెట్టాడు.

ఏమయింది? మొదట ఉత్సాహం ఉన్నది. ఏళ్ళు గడిచినకొద్దీ చల్లబడింది. కలిగినవారు ఒక్కొక్కరే తప్పుకున్నారు. వారిలో చెడ్డవారు ఎవరూ లేరు. తమకు ఏ లాభమూ లేని పనికి తమ ఆస్తిని ఎన్నేళ్ళని పూచీగా పెడతారు? మిగతా పనులు ఒకటొకటిగా రాలిపోయాయి. చివరకు నిలిచింది అప్పుల పద్దు ఒక్కటే. 1864 నాటికి ఆ సంఘాన్ని పాత రూపంలో నడపడం సాధ్యం కాలేదు.

సోదరులారా, ఇక్కడే కథ మలుపు తిరిగింది. రైఫైజన్ స్వభావం చేత ధర్మాత్ముడు, దైవభక్తి గలవాడు. కలిగినవాడు లేనివాడిని ఆదుకోవాలి, అదే మతం అని నమ్మినవాడు. ఆ నమ్మకం వదులుకోవడం ఆయనకు ఇష్టం లేదు. అదే కాలంలో హెర్మన్ షుల్ట్స్ డెలిట్ష్ అనే మరో పెద్దమనిషి పట్నాలలో చేతిపనివారికి పరపతి సంఘాలు పెడుతున్నాడు. అప్పు కావలసినవాడే సభ్యుడు కావాలి, ఎవరి కాళ్ళమీద వారే నిలబడాలి అనేది ఆయన సూత్రం. రైఫైజన్ చాలాకాలం ఒప్పుకోలేదు. తన చేతిలోనే మూడు సంఘాలు ఏమయ్యాయో చూసిన మీదట ఒప్పుకున్నాడు. 1862లో ఆన్‌హౌజెన్ అనే పల్లెలోనూ, ఆ చుట్టుపక్కలా అప్పు తీసుకునేవారే సభ్యులుగా చిన్న సంఘాలు మొదలయ్యాయి. 1864లో హెడ్డెస్‌డార్ఫ్ ధర్మసంఘం కూడా రుణసంఘంగా మారింది. ఇక మీదట అప్పు కావాలంటే సభ్యుడు కావలసిందే, సభ్యుడైతే అందరి బాకీకీ పూచీ పడవలసిందే.

ఆ సంఘం నియమాలు ఒక్కొక్కటీ చెపుతాను. ఒక్కొక్క నియమం వెనక ఒక కారణం ఉన్నది. కారణం తెలియకుండా నియమం ఒక్కటీ బట్టీపడితే ఫలితం రాదు.

మొదటిది, సంఘం హద్దు చిన్నది. ఒక ఊరు, లేక ఒకే చర్చికి పోయే రెండు మూడు పల్లెలు. ఎందుకు? ఎవడు కష్టజీవి, ఎవడు తాగుబోతు, ఎవరి పొలంలో ఏమి పండింది అన్నది ఊరికి తెలుసు. పట్నం బ్యాంకు ఈ సమాచారం కోసం ఎంత ఖర్చు పెట్టినా దానికి దొరకదు. ఊళ్ళో వారికి ఇది ఉచితంగా తెలిసిన సంగతి. సంఘానికి ఉన్న మొదటి మూలధనం ఇదే.

రెండోది, అందరికీ అపరిమిత పూచీ. సంఘం బాకీ పడితే, ప్రతి సభ్యుడూ తన యావదాస్తితో బాధ్యుడు. వినడానికి భయంగా ఉంటుంది. కాని లెక్క చూడండి. ఒక ఊళ్ళో అరవై ఇళ్ళు అనుకుందాం. ఒక్కొక్క ఇంటికి లక్ష రూపాయల పొలం. ఒక్క రైతు పట్నం పోయి అయిదు వేలు అడిగితే ఇవ్వరు, ఎందుకంటే వాడికి జబ్బు చేస్తే బాకీ మునుగుతుంది. అరవై మంది కలిసి అందరి పొలాల మీద మూడు లక్షలు అడిగితే, వెనక అరవై లక్షల ఆస్తి ఉన్నది. ఒకడు పడిపోయినా యాభై తొమ్మిది మంది ఉన్నారు. తక్కువ వడ్డీకి డబ్బు వస్తుంది. విడివిడిగా పరపతి లేనివారికి కలిస్తే పరపతి వచ్చింది. పైగా ప్రతివాడి పొలమూ పందెంలో ఉంది గనుక, ఎవరికి అప్పు ఇస్తున్నారో ప్రతివాడూ కళ్ళు తెరుచుకుని చూస్తాడు.

మూడోది, అప్పు పనికే గాని చేతికి కాదు. ఆవుకా, విత్తనానికా, కొట్టం కప్పుకా అన్నది ముందే చెప్పాలి. పూచీదారులను చూపాలి. ఆ పనికి వాడకపోతే గడువు తీరకముందే తిరిగి అడిగే హక్కు సంఘానికి ఉన్నది. అయితే గడువు మాత్రం సేద్యాన్ని బట్టి ఇవ్వాలి. పట్నం వర్తకుడికి మూడు నెలల అప్పు సరిపోతుంది. ఆవును కొన్న రైతుకు మూడు నెలల్లో ఏమి వస్తుంది? దూడ పెరగాలి, పాలు అమ్మాలి. అందుకని ఏళ్ళ తరబడి వాయిదాలు పెట్టారు. ఈ విషయంలోనే షుల్ట్స్ గారికీ ఈయనకూ పెద్ద తగాదా. డిపాజిట్లు తక్కువ గడువుకు తీసుకుని అప్పులు ఎక్కువ గడువుకు ఇస్తే సంఘం మునుగుతుందని ఆయన వాదం. అది తేలికగా కొట్టిపారెయ్యదగిన వాదం కాదు. పల్లె సంఘాలకు పైన ఒక కేంద్ర నిధి ఉంటేనే ఈ చిక్కు తీరుతుందని రైఫైజన్ గ్రహించాడు. 1872లో నాయ్‌వీడ్‌లో రైన్ సీమ సంఘాలకు అటువంటి బ్యాంకు పెట్టించాడు. ఒక ఊళ్ళో మిగిలిన డబ్బు మరో ఊరి కొరతకు అందే ఏర్పాటు అన్నమాట.

నాలుగోది, లాభం పంచుకోవడం లేదు. మిగులు అంతా విభజించరాని నిలవ నిధికి పోతుంది. సంఘం రద్దయినా దాన్ని సభ్యులు పంచుకోకూడదు. ఎందుకు? లాభం పంచుకునే ఆశ పెడితే, అప్పు తీసుకునేవాడి మీద వడ్డీ పెంచుదాం అనే బుద్ధి పుడుతుంది. అప్పుడు సంఘమే మరో వడ్డీ వ్యాపారి అవుతుంది. తరవాత చట్టం వాటాలు ఉండి తీరాలని పట్టుపట్టినప్పుడు కూడా ఆయన వాటాను నామమాత్రంగానే పెట్టాడు.

అయిదోది, పెద్దలకు జీతం లేదు. అధ్యక్షుడూ, పాలకవర్గమూ ఊరికే పనిచెయ్యాలి. లెక్కలు రాసేవాడికి మాత్రం చిన్న జీతం. కాని ఎవరికి అప్పు ఇవ్వాలో తేల్చే అధికారం ఆ గుమాస్తాకు లేదు. డబ్బు ముట్టుకునేవాడు వేరు, డబ్బు ఎవరికన్నది నిర్ణయించేవాడు వేరు. ఈ ఒక్క ఏర్పాటు ఎన్ని సంఘాలను కాపాడిందో చెప్పలేము. పోతే, పెద్దరైతుకైనా చిన్నరైతుకైనా ఓటు ఒక్కటే.

చూశారా, ఇందులో ధర్మం ఎక్కడికీ పోలేదు. జీతం లేకుండా పనిచెయ్యడం ధర్మం కాదా? పక్కవాడి బాకీకి తన పొలం పూచీ పెట్టడం ధర్మం కాదా? అయితే ఈ ధర్మం పైనుంచి కిందికి జారే ధర్మం కాదు, ఒకరినుంచి ఒకరికి అడ్డంగా నడిచే ధర్మం. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకే బల్ల మీద కూచున్నారు.

ఇంత చేసిన మనిషి తాను సుఖపడ్డాడా అంటే లేదు. 1863లో భార్య పోయింది. ఆయనకూ సన్నిపాతజ్వరం వచ్చి పోయింది, చూపు మందగించింది. 1865లో ఉద్యోగం నుంచి విరమించవలసి వచ్చింది. వచ్చే పింఛను చాలక మొదట చుట్టల తయారీ, తరవాత ద్రాక్షసారా వ్యాపారం చేసి పిల్లలను పోషించుకున్నాడు. 1866లో తన అనుభవమంతా ఒక పుస్తకంగా వెలువరించాడు. పల్లె జనం లేమిని రుణసంఘాల ద్వారా ఎట్లా పోగొట్టవచ్చునో అందులో చెప్పాడు. ఆ పుస్తకం చూసే ఊరూరా సంఘాలు లేచాయి. కళ్ళు కనపడని తండ్రి చెపుతూ ఉంటే పెద్ద కూతురు అమాలియా ఉత్తరాలు రాసేది. దేశమంతటా సంఘాల వారితో ఉత్తర ప్రత్యుత్తరాలు ఆమె కలం మీదుగానే నడిచాయి. 1888 మార్చి 11న ఆయన కన్నుమూశాడు. అప్పటికి ఆయన సమాఖ్యలో సంఘాలు నాలుగు వందలు దాటాయి. ఆ తరవాత అవి వేలయ్యాయి, జర్మనీ దాటి ఇతర దేశాలకు పోయాయి.

మన దేశానికి ఎట్లా వచ్చాయో ఇక చూద్దాం. 1875లో పూనా, అహమ్మద్‌నగర్ జిల్లాల రైతులు షావుకార్ల ఇళ్ళ మీద పడి రుణపత్రాలు తగలబెట్టారు. దక్కను అల్లర్లు అని చరిత్రలో పేరు. రైతు అప్పు సంగతి ఏదో ఒకటి తేల్చక తప్పదని సర్కారుకు అప్పుడు తోచింది. 1892లో మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారిని ఈ పని మీద నియమించింది. మన కోస్తా జిల్లాలూ రాయలసీమా ఆనాడు మద్రాసు రాష్ట్రంలోనివే. ఆయన యూరపు దేశాల సంఘాలను పరిశీలించి 1895లోనూ 1897లోనూ రెండు సంపుటాల నివేదిక ఇచ్చాడు. సారాంశం ఏమంటే, మనకు కావలసింది డబ్బు కంటె ముందు రైఫైజన్ వంటి మనిషి అని. సంఘం కట్టగలవాడు ఊళ్ళో లేకపోతే చట్టం ఒక్కటే ఏమీ చెయ్యలేదని ఆయన తాత్పర్యం.

1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. పదిమంది కలిస్తే సంఘం, గ్రామ సంఘానికి అపరిమిత పూచీ, అప్పు సభ్యులకే, మిగులు నిలవ నిధికి. నియమాలన్నీ మన కథానాయకుడివే. 1912 చట్టంతో అప్పు ఒక్కటే కాక అమ్మకం, కొనుగోలు సంఘాలకూ, పై సమాఖ్యలకూ వీలు కలిగింది. కాని ఒక భేదం ఉన్నది. అక్కడ ముందు సంఘం పుట్టింది, చట్టం దాని వెనక వచ్చింది. ఇక్కడ ముందు చట్టం వచ్చింది, దాని వెనక రిజిస్ట్రారు వచ్చాడు, ఆయన వెనక సంఘం వచ్చింది. రైతు దృష్టిలో అది సర్కారు వారి అప్పుల కచేరీ.

ఫలితం లెక్కలోనే తేలింది. 1951–52లో దేశమంతటా గ్రామ పరపతి మీద సర్వే జరిగింది. 1954లో నివేదిక వచ్చింది. రైతు చేసే అప్పులో సహకార సంఘాలు ఇస్తున్నది నూటికి మూడు పాళ్ళ చిల్లర. వడ్డీ వ్యాపారుల నుంచి వస్తున్నది నూటికి డెబ్బై పాళ్ళ దాకా. యాభై ఏళ్ళ పని తరవాత ఇదీ స్థితి. సంఘాలు పెద్దవి కావాలి, పూచీ పరిమితం కావాలి, ప్రభుత్వం కూడా వాటాదారు కావాలి అని ఆ కమిటీ సలహా ఇచ్చింది. దాని ఉద్దేశం మంచిది. కరువు సీమలో పది ఎకరాల మెట్టరైతులు ఎంతమంది కలిసినా, వరసగా రెండేళ్ళు వాన లేకపోతే ఒకరికొకరు పూచీ ఏమి నిలబడగలరు? అటువంటి చోట ప్రభుత్వం అండ కావలసిందే. ఎరువూ, విత్తనమూ, పంట రుణమూ సొసైటీ ద్వారా ఊరికి చేరిన మాట నిజం.

కాని వాటాతోపాటు పెత్తనమూ వచ్చింది. ఎన్నికలు ఎప్పుడు జరగాలో, కార్యదర్శి ఎవరో, అప్పు ఎంతో పైనుంచి నిర్ణయం కావడం మొదలయింది. సొసైటీ డబ్బు తనదని రైతుకు తోచలేదు. తనది కానిదాన్ని కాపాడాలని ఎవరికి పట్టింపు ఉంటుంది? రైఫైజన్ 1864లో వదిలిన పాత రూపమే మరో వేషంలో తిరిగి వచ్చింది. అప్పుడు కలిగినవారి దయ, ఇప్పుడు సర్కారు దయ.

అట్లాగని మన చోట మంచి ఉదాహరణ లేదనుకోవద్దు. 1956లో ఆనాటి కరీంనగరు జిల్లాలో ముల్కనూరు అనే ఊళ్ళో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారు ఒక సహకార సంఘం పెట్టారు. అప్పు ఇవ్వడంతో ఆగలేదు. పంట కొని, మరపట్టి, అమ్మి, విత్తనం తయారుచేసి, సభ్యుడి సేద్యం మొదలు నుంచి అంగడి దాకా అంతా సంఘం లోపలే జరిగే ఏర్పాటు చేశారు. అప్పు పంటలోనుంచే తీరుతుంది, మిగులు సభ్యుడికే వస్తుంది. అది నిలిచింది. 2000లో అదే సీమలో ఆడవారు తమదే అయిన పాల సంఘం పెట్టుకున్నారు. వారి వెనక 1995లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ఉన్నది. ప్రభుత్వ వాటా ధనం తీసుకోని సంఘం తన నియమాలు తానే రాసుకుని నడుచుకోవచ్చునని ఆ చట్టం చెప్పింది. తొంభై ఏళ్ళు తిరిగి మొదటి మాట దగ్గరికి వచ్చామన్నమాట.

మరొక సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. మన అక్కచెల్లెళ్ళ పొదుపు సంఘాలు మీకు తెలుసు. పదిమంది కలిసి, నెలనెలా కొంత కూడబెట్టి, ఆ పెట్టెలోనుంచే ఒకరికొకరు అప్పు ఇచ్చుకుంటారు. ఇది రైఫైజన్ గారు చూస్తే సంతోషించే పని. అయితే ఆ ఉమ్మడి పూచీనే ఆసరా చేసుకుని, బీదలకు మేలు చేస్తామంటూ సూక్ష్మరుణ కంపెనీలు ఊళ్ళలోకి వచ్చాయి. గుంపు అదే, పూచీ అదే, వారం వారం వాయిదా. కాని డబ్బు ఊరిది కాదు, మిగులు ఊరికి రాదు, వడ్డీ ఎంతో ఊరు నిర్ణయించదు. ఒకే ఇంటికి ముగ్గురు నలుగురు అప్పులిచ్చారు. వాయిదా తప్పితే మిగతా ఆడవారినే ఆ ఇంటి మీదికి తోలారు. ఒకరినొకరు కాపాడుకోవడానికి పుట్టిన పూచీ, ఒకరినొకరు అవమానించుకునే సాధనం అయింది. ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు వచ్చాయి. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అత్యవసరంగా ఆర్డినెన్సు తెచ్చి వాటిని అదుపు చెయ్యవలసి వచ్చింది.

రైఫైజన్ సంఘంలో పూచీ ఉన్నది, వీటిలోనూ పూచీ ఉన్నది. భేదం ఎక్కడ? పూచీ పడ్డవారే పెట్టెకు యజమానులు కావడం, కాకపోవడం. అంతే భేదం. పూచీ తీసుకుని యాజమాన్యం ఇవ్వకపోతే అది మేలు చేసే వ్యాపారం కాదు, ఎంత మంచి పేరు పెట్టినా సరే.

కాబట్టి సోదరులారా, రేపు మీ ఊరికి ఎవరైనా వచ్చి, మీ మేలు కోసమే వ్యాపారం పెడుతున్నాం, సంఘంగా చేరండి, ఉత్పత్తిదారుల కంపెనీ పెడదాం అంటే, వద్దని తరిమెయ్యకండి. తొందరపడి సంతకమూ చెయ్యకండి. నాలుగు ప్రశ్నలు అడగండి. మొదటిది, ఇందులో మా డబ్బు, కొంచెమైనా సరే, ఉన్నదా? రెండోది, అప్పు ఎవరికి, వడ్డీ ఎంత, ధర ఎంత అన్నది నిర్ణయించే చోట మాకు ఓటు ఉన్నదా? మూడోది, లెక్కలు మా ఊళ్ళో, మాకు తెలిసిన భాషలో, మా కళ్ళెదుట చదువుతారా? నాలుగోది, ఏడాది చివర మిగులు ఎక్కడికి పోతుంది? ఈ నాలుగింటికీ తిన్నగా జవాబు వస్తే చేరండి. ఒక్కదానికి నీళ్ళు నమిలినా ఇంకా ఆలోచించండి.

గ్రామాలలో పనిచేసే విస్తరణ ఉద్యోగులకూ ఒక మనవి. నెలాఖరుకు ఎన్ని సంఘాలు పెట్టించారన్నది పైవారు అడుగుతారు. చెప్పక తప్పదు. కాని పెట్టించిన సంఘంలో మీరు లేని రోజున సమావేశం జరిగిందా అన్నది మీకు మీరు అడుగుకోవలసిన ప్రశ్న. రైఫైజన్ అంతటివాడు కూడా తన చేతి మీద నడిచిన మూడు సంఘాలు చూసుకున్నాక, నాలుగోదాన్ని ఊరి చేతికి ఇచ్చాడు. ఇచ్చాక తాను చేసిన పని లెక్కలు చూడడమూ, ఉత్తరాలు రాయడమూ, దారి చెప్పడమూ. ఉద్యోగికి తగిన చోటు అదే.

వచ్చే సంఘ సమావేశానికి మీరూ వెళ్ళండి. వెనక వరసలో కూచుని రాకుండా, చిట్టా ఒకసారి చదివి వినిపించమని అడగండి. అడిగే హక్కు మీకు ఉన్నది, పెట్టె మీది గనుక.

ఇక సెలవు.